పదిమంది కొత్తవాళ్లకి ఫ్లై ఫిషింగ్ నేర్పించాలంటే: షాపు క్లాసా, క్లబ్బా, గైడా, స్కూలా, సొంతంగానా?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా బ్యాచ్‌లో ఒకాయన యెల్లోస్టోన్ వెళ్లొచ్చి, నదిలో నడుం లోతు నీళ్లలో నిలబడి కొరడా ఝుళిపించినట్టు తాడు ఝుళిపిస్తున్న మనుషుల వీడియో వాట్సాప్ గ్రూపులో పడేశాడు. అరగంటలో పద్నాలుగు మంది "మేమూ వస్తాం" అన్నారు, ఎవరు బుక్ చెయ్యాలి అనేసరికి గ్రూపు మొత్తం సైలెంట్. చివరికి ఎప్పట్లాగే నా మెడకే చుట్టుకుంది.

డబ్బులు ఎక్కువ పెడితే నేర్పుడు కూడా ఎక్కువ ఉంటుందనుకుని నేను చేసిన మొదటి పని గైడ్లని మాట్లాడటం. ఓక్లహోమాలో బ్రోకెన్ బో దగ్గర ఎలాగూ క్యాబిన్ తీసుకున్నాం కదా అని ఎనిమిది మందికి నలుగురు గైడ్లు. పొద్దున్నే నది దగ్గర దిగాం, వేడర్లు, అంటే నీళ్లలో దిగడానికి వేసుకునే వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు, తొడుక్కోవడానికి, బూట్ల సైజులు ఒకరివొకరు మార్చుకోవడానికి ముప్పావుగంట పోయింది, ఆ తర్వాత రెండు గంటలు లైను చెట్టుకి తగులుకోవడం, గైడు వచ్చి విప్పడం, మళ్లీ తగులుకోవడం. నాలుగు గంటల్లో ఎనిమిది మందికీ కలిపి మూడు చేపలు, అందులో రెండు గైడే దాదాపు చేతిలో పెట్టినట్టు. గైడ్ల తప్పేం లేదు పాపం, అఆలు రాని వాళ్లని తీసుకెళ్లి పద్యం చెప్పించమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

రెండోసారి వేరే బ్యాచ్‌తో వరస మార్చాను. ఒక పూట పార్కులో గడ్డి మీద, ఇంకో పూట చెరువు దగ్గర, నది సంగతి ఆ తర్వాతే. ఖర్చు మొదటిదాంట్లో పావు వంతు కూడా కాలేదు, పైగా అందరికీ చేప పడింది. అందుకే కింద ఆప్షన్లన్నీ పోల్చి చెప్తున్నా గానీ నా మాట మాత్రం ఒకటే: ఏది తీసుకున్నా సరే, మొదటి రోజు నదిలో దిగొద్దు. లెక్కలన్నీ డాలస్ చుట్టుపక్కల వాళ్ల కోసం రాస్తున్నా, వేరే ఊళ్ల వాళ్లకి మధ్యలో ఒకట్రెండు మాటలు చెప్తా.

ముందు ఏం చూసుకోవాలి

టీచర్‌కి ఎంతమంది అన్నది అన్నిటికన్నా పెద్ద విషయం. మనూళ్లో కాలవ గట్టు మీద వెదురు కర్రకి గాలం కట్టి, ఎర్రని గుచ్చి, బెండు మునిగే దాకా చూసేవాళ్లం గుర్తుందా, దానికి ఎవరూ క్లాసు చెప్పక్కర్లేదు. మామూలు స్పిన్నింగ్ రాడ్డు కూడా అంతే, ఎర బరువు లైన్‌ని లాక్కుని పోతుంది. ఫ్లైకి బరువే ఉండదు, హుక్కుకి ఈకలు దారం చుట్టి పురుగులా కనిపించేలా చేసిన బొమ్మ అది, ఊదితే ఎగిరిపోతుంది. ఇక్కడ బరువుండేది లైనుకి, ఆ లైను వెనక్కి వెళ్లి పూర్తిగా చాపుకునే దాకా ఆగి అప్పుడు ముందుకి కొట్టాలి. కొత్తవాళ్లు వందకి వందమంది ఆగరు, పైగా మణికట్టు తిప్పేస్తారు, క్రికెట్ ఆడినవాళ్లు అయితే ఇంకా ఘోరం, బౌండరీ నుంచి త్రో వేసినట్టు వేస్తారు. వేసేవాడికి తన తప్పు కనపడదు, పక్కన నిలబడి చూసేవాడు చెప్పాలి. ఒకరికి నలుగురైదుగురు ఉంటే చెప్పగలరు, పదిమంది ఉంటే అది క్లాసు కాదు, డ్రిల్లు.

రెండోది ఈత. దీన్ని మనవాళ్లు లెక్కలోకే తీసుకోరు, నేను మాత్రం లిస్టులో రెండో నంబర్ ఇస్తా. మన బ్యాచుల్లో సగం మందికి ఈత రాదు, అడిగితే "ఏదో వచ్చులే" అంటారు, అంటే రాదని అర్థం. నదిలో మోకాలి లోతు నీళ్లు కూడా రాయి మీద నాచు ఉంటే కింద పడేస్తాయి, వేడర్లలోకి నీళ్లు చేరితే లేవడం కష్టం. ట్రౌట్ అనే చల్లనీళ్ల చేప దొరికే నదులు మనకి దగ్గర్లో ఉన్నవి చాలావరకు డ్యాముల కింద ఉన్నవే, పవర్‌హౌస్ నుంచి నీళ్లు వదిలితే మట్టం గబగబా పెరుగుతుంది. నదికి పోయే రోజున డ్యామ్ నీళ్లు ఎప్పుడు వదులుతున్నారో ముందు చూసుకోండి, నడుం దగ్గర వేడర్ బెల్టు బిగించండి, ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకోండి, ఫొటోలో బాగోదని తియ్యకండి. పైన వాన ఉంటే ట్రిప్పు మానుకోండి, 2025 జూలై 4న టెక్సస్‌లోనే గ్వాడలూప్ నది పై భాగంలో వరదొచ్చి ఏం జరిగిందో అందరం చూశాం.

మూడోది లైసెన్సు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు. రెసిడెంట్ రేటుకి వీసాతో, గ్రీన్‌కార్డుతో సంబంధం లేదు, ఆరు నెలలకి పైగా వరసగా టెక్సస్‌లో ఉంటే చాలు. ఇది తెలీక హెచ్‌వన్‌లో ఉన్నవాళ్లు నాన్ రెసిడెంట్ రేటు కట్టేస్తుంటారు. ఇంకా మంచి కబురు, టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి పట్టుకుంటే లైసెన్సే అక్కర్లేదు, పార్కు ఎంట్రీ కడితే చాలు, 12 ఏళ్లు, ఆ లోపు పిల్లలకి ఎంట్రీ కూడా ఫ్రీ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్లడానికి ఇంతకన్నా సుళువు ఏముంది. ఏటా జూన్ మొదటి శనివారం రాష్ట్రమంతా ఫ్రీ ఫిషింగ్ డే కూడా ఉంది గానీ ఆ రోజు ఒడ్డున చోటు దొరకాలి కదా. ఓక్లహోమా వెళ్తే మాత్రం టెక్సస్ లైసెన్సు చెల్లదు, అక్కడిది వేరే తీసుకోవాలి.

మిగతావి గేరు, ఖర్చు, మొదటి రోజే చేప పడాలా వద్దా అన్నది. చివరిది చిన్న విషయం అనుకోకండి. పిల్లలు ఉన్న బ్యాచ్‌లో గంటలోపు ఏదో ఒకటి పడకపోతే ఫోన్లు బయటికి వచ్చేస్తాయి.

ఒక్క చూపులో

| ఆప్షన్ | టీచర్‌కి ఎంతమంది | తలకి ఖర్చు | గేరు | చేప పడే ఛాన్స్ |
|---|---|---|---|---|
| షాపులో ఫ్రీ క్లాసు | ఆ రోజు ఎంతమంది వస్తే అంత | సున్నా | వాళ్లదే | లేదు, నీళ్ల దగ్గరికే వెళ్లరు |
| క్లబ్బు లేదా సర్టిఫైడ్ ఇన్‌స్ట్రక్టర్ | నలుగురైదుగురు, మనం అడిగితే | తక్కువ | సగం వాళ్లది, సగం మనది | చెరువు దగ్గర పెట్టుకుంటే బాగా |
| నది గైడు | మామూలుగా ఇద్దరు | బాగా ఎక్కువ | వాళ్లదే | కాస్టింగ్ (లైను విసరడం) వస్తే బాగా, రాకపోతే అదృష్టం |
| రెండు రోజుల స్కూలు | తక్కువ మందే | వందల్లో, హోటల్ వేరే | వాళ్లదే | ఫరవాలేదు |
| సొంతంగా, చెరువు దగ్గర | తెలిసిన ఫ్రెండ్ ఎంత ఓపికస్తుడైతే అంత | రాడ్డు ఖర్చే | మనదే | బ్లూగిల్ అయితే చాలా బాగా |

షాపు క్లాసు

ఫ్లై షాపులు చాలావరకు శనివారం పొద్దున ఫ్రీగా ఒక గంటో రెండు గంటలో బేసిక్ క్లాసు పెడతాయి. ఫ్లై ఫిషింగ్ సరుకు అమ్మే ఆర్విస్ వాళ్ల 101 క్లాసు ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది, అయితే 2025లో ఆ కంపెనీ చాలా స్టోర్లు మూసేస్తున్నట్టు చెప్పింది కాబట్టి మీ దగ్గరది ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, వాళ్ల సరుకు అమ్మే వేరే షాపులు కూడా ఇలాంటివి పెడుతుంటాయి. రాడ్డు ఎలా కలపాలి, లైను చివర కట్టే సన్నటి దారం లీడర్ అంటే ఏంటి, రెండు ముడులు, పార్కింగ్ లాట్ వెనకాల గడ్డి మీద కాసేపు కాస్టింగ్, అంతే. చివర్లో కొంచెం అమ్మకం కూడా ఉంటుంది, అది మామూలే, కానీ అదే రోజు కొనెయ్యకండి.

దీనికి ఒక తిరకాసుంది. పదిమంది గుంపుగా వెళ్తే క్లాసు మొత్తం మనమే నిండిపోతాం, మనలో మనం తెలుగులో జోకులేసుకుంటూ ఉంటే మిగతా ఇద్దరు ముగ్గురు బిత్తరపోయి చూస్తారు, మాకు ఇది జరిగింది, సిగ్గేసింది. ముగ్గురు నలుగురుగా వేరే వేరే వారాలు వెళ్లండి. అసలు ఈ ఆట మీద ఇంట్రెస్టు ఉందో లేదో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. పద్నాలుగు మందిలో నలుగురు ఇక్కడే జారుకుంటారు, అది మంచిదే, నది దగ్గర జారుకోవడం కన్నా నయం.

క్లబ్బు, ఇన్‌స్ట్రక్టర్

నా ఓటు దీనికే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా.

డాలస్ ఫ్లై ఫిషర్స్, ఫోర్ట్ వర్త్ ఫ్లై ఫిషర్స్, ఆస్టిన్ ఫ్లై ఫిషర్స్ ఇలా ఊరూరా క్లబ్బులున్నాయి. వీళ్లలో ఎక్కువ మంది రిటైరైన పెద్దాళ్లు, ఓపికకి అంతు లేదు, కొత్తవాళ్లు అందులోనూ చిన్న వయసు వాళ్లు వస్తే పొంగిపోతారు. నేను ఈమెయిల్ పెట్టి "పదిమంది ఉన్నాం, ఎవరికీ ఏమీ రాదు, కాస్టింగ్ చూపిస్తారా" అని అడిగితే ముగ్గురు వచ్చారు, రాడ్లు వాళ్లే తెచ్చారు, డబ్బులిస్తే తీసుకోలేదు, మధ్యాహ్నం మేం తీసుకెళ్లిన పులిహోర మాత్రం రెండోసారి వడ్డించుకున్నారు. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని గ్యారంటీ లేదు, వాళ్ల టైము బట్టి ఉంటుంది, నెల రోజుల ముందు అడగాలి.

డబ్బులిచ్చి మాట్లాడుకోవాలంటే ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్ సర్టిఫికేట్ ఉన్న కాస్టింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని చూడండి. 1965లో మొదలైన సంస్థ అది, పరీక్ష పెట్టి సర్టిఫికేట్ ఇస్తుంది, వాళ్లు చూసేది చేపలు ఎన్ని పట్టావని కాదు, ఎదుటివాడి తప్పు కనిపెట్టి సరిచెయ్యగలవా అని. గైడుకీ టీచరుకీ తేడా అదే. మంచి గైడ్లలో మంచి టీచర్లు కూడా ఉంటారు, లేరని కాదు, కానీ గైడు పని మనకి చేప చూపించడం. ఇన్‌స్ట్రక్టర్లు గంట లెక్కన తీసుకుంటారు, రెండు మూడు గంటలకి పదిమంది పంచుకుంటే రెస్టారెంట్‌లో బఫే తిన్నంత అవుతుంది. పదిమందికీ ఒక్కరే అయితే ఐదుగురిని నేర్చుకోనిచ్చి మిగతా ఐదుగురి చేత పక్కన ముడులు ప్రాక్టీసు చేయించండి, తర్వాత మార్చుకోండి.

గడ్డి మీద నేర్చుకునేటప్పుడు హుక్కు కట్టరు, చిన్న ఊలు ముక్క కడతారు. అయినా కళ్లజోడు, టోపీ తప్పనిసరి. మా బ్యాచ్‌లో ఒకడు "గడ్డి మీద కళ్లజోడు ఎందుకు" అన్నాడు, పది నిమిషాల్లో లైను వాడి చెంప మీద చారలు పెట్టింది, ఇక ఏమీ అనలేదు.

గైడు

ఒక గైడుకి మామూలుగా ఇద్దరే, హాఫ్‌డేకి ఇద్దరికీ కలిపి మూడు వందల డాలర్ల పైమాటే, టిప్పు వేరే. పదిమందికి ఐదుగురు గైడ్లు కావాలి, లెక్క మీరే వేసుకోండి. ఈ డబ్బుకి నిజంగా విలువ రావాలంటే మీవాళ్లకి అప్పటికే ఇరవై ముప్పై అడుగుల దూరం లైను చక్కగా వెయ్యడం, ఒక ముడి సొంతంగా కట్టుకోవడం వచ్చి ఉండాలి. అప్పుడు గైడు నీళ్లు చదవడం నేర్పిస్తాడు, చేప ఎక్కడ నిలబడుతుంది, ఫ్లై నీటితోపాటు ఎలా కొట్టుకుపోవాలి, ఇవి నది దగ్గర తప్ప ఇంకెక్కడా రావు.

డాలస్ వాళ్లకి బ్రోకెన్ బో మూడు గంటల డ్రైవు. అక్కడ లోయర్ మౌంటెన్ ఫోర్క్ నదిలో డ్యామ్ అడుగు నుంచి చల్లటి నీళ్లు వస్తాయి కాబట్టి ట్రౌట్ ఏడాది పొడుగునా ఉంటుంది, 1989 నుంచి దాదాపు 12 మైళ్లు ట్రౌట్ కోసమే నడుపుతున్నారు. ఆ పక్కనే హోచాటౌన్ క్యాబిన్లకి మనవాళ్లు ఎలాగూ లాంగ్ వీకెండ్లకి పోతూనే ఉంటారు, హాట్ టబ్బు, బిర్యానీ, పేకాట, అందులో ఒక పూట దీనికి ఇస్తే సరిపోతుంది. ఆస్టిన్, శాన్ ఆంటోనియో వాళ్లకి కాన్యన్ డ్యామ్ కింద గ్వాడలూప్ దగ్గర, కానీ అది చలికాలం మాట, చలికాలంలో ట్రౌట్ వదులుతారు, ఎండాకాలం ట్యూబింగ్ వాళ్ల గోలే. ట్రౌట్ నదుల్ని కాపాడే సంస్థ ట్రౌట్ అన్‌లిమిటెడ్, దాని అక్కడి చాప్టర్ దేశంలోనే పెద్దది, ఆ చాప్టర్ మెంబర్లు కూడా కొత్తవాళ్లకి సాయం చేస్తారు.

జార్జియాలో ఉన్నవాళ్లకి బ్యూఫోర్డ్ డ్యామ్ కింద చాటహూచీ, అక్కడ డ్యామ్ నుంచి హైవే 20 వంతెన దాకా లైఫ్ జాకెట్ వేసుకోవడం చట్టమే, నీళ్లు వదిలే ముందు హారన్ మోగుతుంది, అది వినపడగానే బయటికి వచ్చెయ్యాలి. న్యూజెర్సీ వాళ్లు లైసెన్సు మీద ట్రౌట్ స్టాంపు కూడా తీసుకోవడం మర్చిపోకండి.

రెండు రోజుల స్కూలు

ఆర్విస్ కంపెనీ 1856 నాటిది, వెర్మాంట్‌లోని మాంచెస్టర్‌లో 1966లో స్కూలు పెట్టింది, ఆ తర్వాత చాలామంది ఇలాంటివి పెట్టారు. ముడుల నుంచి పురుగుల దాకా పద్ధతిగా చెప్తారు, నేర్పు పరంగా దీన్ని కొట్టేది లేదు. గుంపుకి మాత్రం నేను చెప్పను. విమానం టికెట్లు, హోటళ్లు, పదిమందికి ఒకేసారి ఆఫీసులో పీటీవో (సెలవు) దొరకడం జరిగే పనేనా. ఒకరికో భార్యాభర్తలిద్దరికో నిజంగా పిచ్చి పట్టిందంటే వాళ్లు వెళ్లి నేర్చుకొచ్చి మిగతావాళ్లకి చూపించొచ్చు.

సొంతంగా

యూట్యూబ్ చూసి వెళ్లడం. మణికట్టు తప్పు యూట్యూబ్ సరిచెయ్యదు కాబట్టి కాస్టింగ్‌కి ఇది పనికిరాదు, కానీ క్లబ్బువాళ్ల దగ్గర ఒక పూట నేర్చుకున్నాక రెండో పూటకి ఇదే బెస్టు. ట్రౌట్ పేరు మర్చిపోండి. చెరువుల్లో బ్లూగిల్ ఉంటుంది, అరచెయ్యంత చేప, ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఒడ్డుకి దగ్గర గుడ్లు పెట్టే చోట గుంపులుగా ఉంటుంది, నీళ్ల మీద తేలే చిన్న ఫ్లై, పాపర్ అంటారు, అది వేస్తే టప్పున కొడుతుంది. ఇరవై అడుగులు వేస్తే చాలు. సీడర్ హిల్, పర్టిస్ క్రీక్ లాంటి స్టేట్ పార్కులకి పోతే లైసెన్సు గొడవ కూడా లేదు.

5 వెయిట్ (ఎంత బరువు లైను వేసేదో చెప్పే నంబరు) 9 అడుగుల రాడ్డు, రీలు, లైను అన్నీ కలిపిన కిట్టు వంద నుంచి రెండొందల డాలర్లలో వస్తుంది, ఇద్దరికి ఒకటి చాలు, ఒకరు వేస్తుంటే ఇంకొకరు చూసి తప్పు చెప్తారు. పదేళ్ల లోపు పిల్లలకి ఆ రాడ్డు, రీలు బరువు, వాళ్లకి టెంకారా రాడ్డు ఇవ్వండి. జపాన్ వాళ్లది, రీలు ఉండదు, కర్ర కొసకి లైను కట్టి ఉంటుంది. మా నాన్న అది చూసి "ఇది మన వెదురు గాలమే కదరా, దీనికి వంద డాలర్లా" అన్నారు, అని పక్కన పెట్టకుండా సాయంత్రం దాకా దాంతోనే పట్టారు, మా అందరికన్నా ఎక్కువ.

ఎవరికి ఏది

పిల్లలున్న నాలుగైదు కుటుంబాలైతే క్లబ్బు ప్లస్ స్టేట్ పార్కు చెరువు, నది ఊసే వద్దు ఈ ఏడాదికి. పెళ్లికాని కుర్రాళ్ల బ్యాచ్, లాంగ్ వీకెండ్, డబ్బులున్నాయి అంటే ముందు వారం ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్‌తో గడ్డి మీద రెండు గంటలు, తర్వాత వారం బ్రోకెన్ బోలో గైడు, ఈ రెండు గంటలు ఎగ్గొడితే నా మొదటి ట్రిప్పు మీది కూడా అవుతుంది. ఆఫీసు టీమ్ అవుటింగ్ అయితే ఇన్‌స్ట్రక్టర్ ఒక్కటే చాలు, ఎందుకంటే మేనేజర్ కూడా అందరితోపాటు చెట్టుకి లైను తగిలించుకోవడంలోనే అసలు మజా ఉంది. ఒక్కరే సీరియస్‌గా నేర్చుకోవాలనుకుంటే గుంపు కోసం ఆగకండి, ఆగితే ఇంకో రెండేళ్లు ఆగాల్సి వస్తుంది.

చేప తినాలనుకునేవాళ్లు ముందే చెప్పండి. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు ఎక్కువ మంది పట్టి వదిలేస్తారు, మా బ్యాచ్‌లో శాకాహారులకి ఇది బాగా నచ్చింది, మిగతావాళ్లు పులుసు గిన్నె క్యాబిన్‌లో పెట్టుకుని వచ్చారు. రూల్సు చోటు చోటుకీ మారతాయి, గ్వాడలూప్‌లో ఒక స్పెషల్ జోన్‌లో రోజుకి ఒక్క ట్రౌటే, అదీ 18 అంగుళాలు ఉంటేనే, టెక్సస్‌లో మిగతా చోట్ల ఐదు. వదిలేసేదైతే చెయ్యి తడుపుకుని పట్టుకోండి, హుక్కు ముల్లు ప్లయర్‌తో ముందే నొక్కెయ్యండి, చేపకీ మంచిది, మీ చెవికీ మంచిది.

బుక్ చేసేవాళ్లకి

డబ్బులు ముందే జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) చేయించుకోండి, చెయ్యనివాళ్లని లెక్కలోకి తీసుకోకండి, పద్నాలుగు మంది "మేమూ వస్తాం"లో జెల్ చేసింది తొమ్మిది మంది. టైము పొద్దున్నే పెట్టండి, మార్చి ఏప్రిల్‌లో డాలస్ గాలికి పదకొండు దాటితే ఆ లైను ఎవరి మాటా వినదు, జూలై ఆగస్టు ఎండలో అయితే మనుషులే వినరు. అక్టోబరు చివర, నవంబరు కాస్టింగ్‌కి బాగుంటుంది, చేప కూడా కావాలంటే మే. సిటీ పార్కులో డబ్బులిచ్చి క్లాసు పెట్టించుకుంటే పర్మిట్ అడగొచ్చు, ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌నే కనుక్కోమనండి. ఎవరికి ఈత వచ్చో రాదో గ్రూపులో పోల్ పెట్టకండి, అందరూ వచ్చనే నొక్కుతారు, విడివిడిగా ఫోన్ చేసి అడగండి.